గడియారం ఆగితే మనిషి ఆగినట్టేనా?

చాలా రోజులుగా వ్రాయాలనుకొని వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. విషయం చిన్నదే. చేతికి కట్టుకొనే స్మార్ట్‌వాచ్‌లో ఛార్జి ఉండవలసిన దానికంటే త్వరగా అయిపోవడం. ఇందులో సాహిత్యం ఏమున్నదని చదువరులు అడుగవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఆ ఛార్జి ఎక్కడికి పోతున్నదో వెదుకుతూ పోయేసరికి నేను అనుకోని చోటుకు చేరాను. అందుకే వ్రాస్తున్నాను.

నాది ములుగు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా, 2019 ఫిబ్రవరి 17 నుండి తానే ఒక జిల్లా. ఊరు కదలకుండానే నేను మూడు జిల్లాలలో కాపురం చేశాను. జిల్లా పరిషత్తు పాఠశాలలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. కొన్నేళ్ళ క్రితం గుండెలో ఒక స్టెంటు వేశారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. 2023 దసరాకు వచ్చినప్పుడు ఒక స్మార్ట్‌వాచ్ తెచ్చి నా మణికట్టుకు తానే కట్టాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకొంటున్నదో అది లెక్కపెడుతుంది, పడిపోతే కనిపెడుతుంది, ఎక్కడున్నానో చెబుతుంది. లోపల దానికి సొంత సిమ్ కూడా ఉన్నది. "బాపూ, ఒక్కసారి ఛార్జి పెడితె రెండు రోజులు నడుస్తది" అన్నాడు.

నాకు గడియారాలు కొత్త కాదు. మా నాయన కట్టిన హెచ్.ఎం.టి. గడియారానికి రోజూ ప్రొద్దున్నే కీ ఇచ్చేది నేనే. ఆ తరువాత నా మొదటి జీతాల రోజులలో మన హైదరాబాదు ఆల్విన్ వారి గడియారం కొన్నాను. జపాను సీకో సంస్థ సహకారంతో 1980లలో తయారైనవి అవి. దాని సెల్లు ఎప్పుడు మార్పించానో గుర్తు పెట్టుకోవలసిన అవసరం కూడా ఉండేది కాదు. ఆ గడియారం ఆగిందంటే అర్థం ఒక్కటే: గడియారం ఆగింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకొనేవారు కాదు.

ఈ కొత్త గడియారం సంగతి వేరు. రెండు రోజులన్నది ఒక్క రోజుకు వచ్చింది. సంక్రాంతి వచ్చేసరికి సాయంత్రం దీపాలు పెట్టే వేళకే పడకేసేది. పెద్దవాడినయ్యాను, ఏదో నొక్కి ఉంటానని సరిపెట్టుకొన్నాను.

2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు మేడారం జాతర. 22న సమ్మక్క గద్దెకు వచ్చింది. 23, శుక్రవారం, మొక్కులు చెల్లించే రోజు. స్టెంటు వేసిననాడు మా ఇంటావిడ అమ్మవార్లకు నా నిలువెత్తు బంగారం మొక్కింది. బంగారమంటే బెల్లమని మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆమె మోకాళ్ళు సహకరించక ఇంట్లోనే ఉండిపోయింది. నేను మాత్రం తెలిసినవారి జీపులో తెల్లవారుజామున బయలుదేరాను. గడియారం నూటికి నూరు చూపించింది. జంపన్న వాగు దగ్గర ఫోనును, సంచిని ఒడ్డున ఉన్నవారికి అప్పగించి నీళ్ళలోకి దిగాను. స్నానం చేసి, జనంలో పడి, గద్దెల వైపు నడిచాను. జాతరలో నడవడమంటే మన కాళ్ళతో నడవడం కాదు, జనం మనలను నడిపించడం. ఫోను ఉన్నవారు ఎటో వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఎప్పుడో చూసుకొంటే గడియారం నల్లగా ఉన్నది. బెల్లం అప్పగించాను, దండం పెట్టుకొన్నాను, నా మనసు చాలా తేలికగా ఉన్నది.

ఆ సమయానికి డాలస్‌లో అర్ధరాత్రి దాటింది. మా వాడికి కనిపించినది ఇది: తండ్రి గుండె మామూలు కంటే వేగంగా కొట్టుకొన్నది, తండ్రి ఉన్న చోటు జంపన్న వాగు, ఆ తరువాత ఏమీ లేదు. ఫోను చేస్తే అంత జనంలో కలవలేదు. వాడు వాళ్ళ అమ్మకు చేశాడు. ఆమె నా తమ్ముడికి చేసింది. తమ్ముడి కొడుకు మోటారు సైకిలు మీద తాడ్వాయి దాకా వచ్చి జాతర రద్దీలో ఇరుక్కుపోయాడు. రాత్రి ఎనిమిదింటికి నేను బెల్లం ప్రసాదం పట్టుకొని ఇంటికి చేరేసరికి వాకిట్లో ఇరవై జతల చెప్పులు ఉన్నాయి. లోపల అందరూ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నారు. మాటలు లేవు. అటువంటి ఇళ్ళకు నేను చాలాసార్లు వెళ్ళాను కాబట్టి ఆ కూర్చోవడం ఏమిటో నాకు వెంటనే తెలిసింది. నా ఇంట్లో, నేను బ్రతికి ఉండగా, దానిని చూశాను. మా ఇంటావిడ లేచి ఏమీ అనకుండా నా చేయి పట్టుకొని ఆ గడియారాన్ని విప్పి బల్ల మీద పెట్టింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

మర్నాడు గడియారాన్ని తీసుకొని ఊళ్ళోని సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడి అబ్బాయి నా పాత విద్యార్థే. "సార్, దీన్ని ఇప్పరాదు. గమ్ముతోని అతికించిన్రు. బ్యాటరీ పోయిందంటే మొత్తం పోయినట్టే. రీసెట్ గొట్టుండ్రి" అన్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకు ప్రయోగం చేయకుండా నిర్ణయానికి రాకూడదని చెప్పినవాడిని, కారణం తెలియకుండా రీసెట్ కొట్టడానికి నాకు మనసు రాలేదు. ఒక నోటుపుస్తకం తీశాను. పద్ధతి మనం ఎనిమిదవ తరగతిలో చెప్పేదే: ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచాలి. ప్రొద్దున ఆరింటికి నూరుతో మొదలుపెట్టి సాయంత్రం ఆరింటికి ఎంత మిగిలిందో వ్రాశాను.

ఏమీ మార్చని రోజున 11 శాతం మిగిలింది. ఎప్పుడూ వెలిగే తెరను ఆర్పివేసిన రోజున 27. వాట్సాప్ సందేశాలను ఆపిన రోజున 16. (మా పూర్వ విద్యార్థుల బృందంలో రోజుకు ఎన్ని శుభోదయాలు వస్తాయో ఆ రోజే తెలిసింది.) చేయి ఎత్తగానే తెర వెలగడం ఆపితే 14. గుండె లెక్కను ఎడతెగకుండా కాక పది నిమిషాలకు ఒకసారికి మారిస్తే 19. అన్నీ కొంత తింటున్నవే, ఏదీ అసలు దొంగ కాదు.

ఏడవ రోజున ఫోనును ఇంట్లో ఉంచి, గడియారం ఒక్కటే పెట్టుకొని తాడ్వాయి అడవి దారిలో ఒక మిత్రునితో వెళ్ళాను. మధ్యాహ్నానికి 4 శాతం. మేడారంలో జరిగినదే మళ్ళీ జరిగింది. దీనికి కారణం స్పష్టమే. ఫోను దగ్గర ఉన్నంతసేపు గడియారం బ్లూటూత్‌తో పని గడుపుకొంటుంది. దానికి కావలసిన శక్తి చాలా తక్కువ. ఫోను దూరమైతే తన సొంత సిమ్‌తో టవరును వెదుకుతుంది. టవరు దూరంగా ఉంటే గొంతు పెంచి పిలుస్తుంది, దొరకకపోతే మళ్ళీ మళ్ళీ వెదుకుతుంది. జాతరలో టవర్లు ఉన్నా లక్షల ఫోనులు ఒకేసారి పిలుస్తుంటాయి కాబట్టి ఫలితం దాదాపు అంతే. ఫోనులో ఈనాడు 5000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ సాధారణం. నా గడియారంలో ఉన్నది అందులో పదవ వంతు కూడా కాదు. ఎడ్లబండికి లారీ బరువు ఎత్తినట్టు. మర్నాడు అదే దారిలో విమానం గుర్తు నొక్కి సిమ్‌ను ఆపివేసి వెళితే సాయంత్రానికి 52 మిగిలింది.

అయితే ఇంటి దగ్గర, ఫోను జేబులోనే ఉన్న రోజున, 11 శాతానికి ఎందుకు పడుతున్నది? అది తేలలేదు. తొమ్మిదవ రోజు ప్రొద్దున ఆరింటికి, మిగిలిన ఒకే ఒక అంశాన్ని, నేనున్న చోటును పంచుకొనే ఏర్పాటును, ఆపివేశాను. ఏడుంబావుకు ఫోను మ్రోగింది.

"బాపూ, ఏడున్నవ్? మంచిగున్నవా?"

"ఇంట్లనే ఉన్న బిడ్డా. చాయ తాగుతున్న. ఏమైంది?"

"నీ చుక్క పోయింది."

చుక్క అంటే పటం మీద నన్ను చూపించే నీలి చుక్క. నేను సంగతి చెప్పాను, ప్రయోగం గురించి వివరించాను. వాడు విన్నాడు. "రోజుకు ఎన్నిసార్లు చూస్తవురా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. లెక్క లేదట. మంచం పక్కన ఒక పాత టాబ్లెట్ ఉన్నదట. అందులో ఆ పటం రాత్రంతా తెరిచే ఉంటుందట. మధ్యలో మెలకువ వస్తే చుక్క ఉన్నదో లేదో చూసి మళ్ళీ పడుకొంటాడట. అక్కడి రాత్రి మనకు పగలు. అవతల ఎవరో చూస్తున్నంతసేపు ఇవతల గడియారం ఉపగ్రహాలను అడిగి తానున్న చోటును చెబుతూనే ఉండాలి. ఆ రోజు సాయంత్రం ఆరింటికి 49 శాతం మిగిలింది.

నా ఛార్జిని తాగుతున్నది వాడి బెంగ.

ఇది తెలిసిన తరువాత నాకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. వాడు చిన్నప్పుడు జ్వరంతో పడుకొంటే వాళ్ళ అమ్మ బెడ్‌లైటు ఆర్పనిచ్చేది కాదు. ఊపిరి ఆడుతున్నదో లేదో చూడడానికి. ఇప్పుడు నేను వాడి మంచం పక్కన బెడ్‌లైటును అయ్యాను. తేడా ఏమిటంటే ఆ బెడ్‌లైటు గోడలోని కరెంటుతో వెలిగేది. ఇది నా మణికట్టు మీది చిటికెడు బ్యాటరీతో వెలుగుతున్నది. వాడు ఎంత ఎక్కువగా చూస్తే అది అంత త్వరగా ఆరిపోతుంది. ఆరిపోతే వాడు మరింత భయపడతాడు. భయపడి మరింతగా చూస్తాడు.

ఇక నా అభిప్రాయం చెప్పాలి.

మొదటిది తయారీదారులకు. "ఇన్ని రోజులు" అని పెట్టె మీద వ్రాసే మాట ఎక్కడి రోజులను లెక్కపెడుతున్నది? 2015లో మొదటి ఆపిల్ గడియారం వచ్చినప్పుడు 18 గంటలు అని చెప్పి, చిన్న అక్షరాలలో లెక్కను కూడా ఇచ్చారు: 90 సార్లు సమయం చూడడం, 90 సందేశాలు, 45 నిమిషాల అప్లికేషన్ల వాడకం, 30 నిమిషాల వ్యాయామం. నాది ఆ సంస్థ గడియారం కాదు. అయినా లెక్క బయటపెట్టడం మంచి పద్ధతేనని ఒప్పుకొంటాను. కాని ఏ లెక్కలోనూ టవరు అందని అడవి ఉండదు. నగరంలో సిగ్నలు మధ్య కూర్చొన్నవాడికి, ఏటూరునాగారం దారిలో వెళ్ళేవాడికి ఒకే సంఖ్య చెబుతారు. సిగ్నలు లేని ఊళ్ళు మన దేశంలో లేవా? 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 24,680 గ్రామాలకు 4జీ అందించడానికి 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఆ సంఖ్యే చాలు. సాయం దగ్గరలో లేని చోటనే ఈ గడియారం ఎక్కువ అవసరం. సరిగ్గా ఆ చోటనే అది ముందుగా చచ్చిపోతుంది. సిగ్నలు బలహీనంగా ఉన్నప్పుడు ఎన్ని గంటలు నడుస్తుందో కూడా పెట్టె మీద వ్రాయాలి.

రెండవది. తన చావుకు, తనను కట్టుకొన్నవాడి చావుకు మధ్య తేడాను ఈ వస్తువు చెప్పగలగాలి. ఛార్జి అయిపోయే ముందు చివరిగా ఉన్న చోటును పంపే ఏర్పాటు కొన్నింటిలో ఉన్నది. కాని మా వాడిని భయపెట్టినది ఆ చివరి చోటే కదా! ఒక వాగు. "ఛార్జి 3 శాతం, ఆపివేస్తున్నాను, ధరించిన మనిషి నడుస్తున్నాడు" అన్న ఒక్క వాక్యం అవతలివారికి చేరి ఉంటే మా వాకిట్లో ఇరవై జతల చెప్పులు ఉండేవి కావు.

మూడవది బ్యాటరీ. లిథియం బ్యాటరీ వయసుతో పాటు శక్తిని కోల్పోతుంది. వేడిలో మరింత త్వరగా కోల్పోతుంది. ముప్ఫై అయిదు డిగ్రీలు దాటిన చోట వాడవద్దని కొన్ని కంపెనీలే చెబుతాయి. మేలో ములుగు నలభై దాటుతుంది. అంటే మాకు వేసవి సెలవులలో గడియారానికీ సెలవు ఇవ్వాలన్నమాట. సరే, బ్యాటరీ చెడుతుంది. మార్చుకొనే వీలు ఉండాలి కదా? యూరోపులో 2023 నాటి చట్టం ప్రకారం చిన్న బ్యాటరీలను వాడుకరే తీసి మార్చుకొనేలా తయారు చేయాలన్న నియమం, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి గడువుగా పెట్టారు. మన దేశంలో 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించారు. పోర్టల్ మంచిదే. మా దుకాణంలోని అబ్బాయి చేతికి ఆ గమ్మును విప్పే సాధనం, విడిభాగం వచ్చిన రోజున నేను ఇంకా సంతోషిస్తాను.

నాలుగవది మనకు, అంటే కుటుంబాలకు. చుక్క కనిపించకపోవడానికి ఏమి అర్థం చెప్పుకోవాలో ముందే మాట్లాడుకోవాలి. నేను, మా వాడు మాట్లాడుకొన్నాము. పడిపోతే చెప్పే ఏర్పాటు, గుండె లయ తప్పితే హెచ్చరించే ఏర్పాటు ఉంటాయి. చోటును ఎడతెగకుండా చూపించడం ఉండదు, కావాలంటే అడిగి చూడవచ్చు. అడవి వైపు వెళ్ళే రోజున ముందుగా చెప్పి సిమ్‌ను ఆపుతాను. చుక్క పోతే ముందుగా ఛార్జి పోయిందనే అనుకోవాలి. నిజంగా అనుమానం వస్తే అమ్మకు కాక, ఊళ్ళో నేను పేర్లు ఇచ్చిన ఇద్దరికి ఫోను చేయాలి. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 వాహనం ఇప్పటికీ ములుగుకు వస్తుంది. దానిని పిలిచేది పక్కింటివారే కాని, డాలస్‌లోని టాబ్లెట్ కాదు.

ఒక మాట మిగిలింది. నా గడియారం ఆగితే మా ఇంట్లో ఏడ్చారు. ఆ ఏడుపులో ప్రేమ ఉన్నది. నాగపూర్, చండీగఢ్ నగరపాలక సంస్థలు పారిశుద్ధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలను కట్టాయి. 2020లో చండీగఢ్ కార్మికులు వాటిని వ్యతిరేకిస్తూ నిరసన తెలిపారు. ఆ గడియారం ఆగితే అవతల బెంగపడేవారు ఎవరూ ఉండరు. అక్కడి భయం జీతంలో కోత గురించి. చుక్క పోతే మనిషి పోయాడని మా వాడు భయపడ్డాడు. చుక్క లేకపోతే మనిషి పనికి రాలేదని అక్కడ లెక్క కడతారేమోనని ఆ కార్మికుల భయం. రెండు చోట్లా జరుగుతున్న తప్పు ఒక్కటే: మనిషిని అడగవలసిన ప్రశ్నను బ్యాటరీని అడగడం.

నేను ఈ గడియారాన్ని విప్పి పారేయలేదు. గుండె ఉన్నది, స్టెంటు ఉన్నది, వయసు ఉన్నది. పంతానికి పోవడం వివేకం కాదు. స్నానం చేసి ఫలహారం చేసేలోగా ఛార్జి పెడతాను, హెచ్.ఎం.టి.కి కీ ఇచ్చిన వేళకే.

మా వాడు ఒప్పందానికి కట్టుబడ్డాడా అని మీరు అడగవచ్చు. మొదటి నెల కట్టుబడ్డాడు. ఆ తరువాత ఒక రోజు సాయంత్రం ఆరింటికి చూసుకొంటే 38 శాతం మాత్రమే ఉన్నది. నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. ఆ రాత్రి ఫోనులో దాని గురించి అడగలేదు. "నిద్ర మంచిగ పడుతున్నదా బిడ్డా?" అని మాత్రం అడిగాను.